మీ పేరు మీద ఎవరో అప్పు తీసుకున్నారు: రాజీకి ఒప్పుకునే ముందు

ప్రశ్న: మాది ఒడిశా గజపతి జిల్లాలో సరిహద్దు పల్లె. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్ళకిచ్చే సుభద్ర పథకం డబ్బుల కోసం ఈ-కేవైసీ చేయించుకోవడానికి శ్రీకాకుళం జిల్లా వైపు నెట్ సెంటర్ నడుపుతున్న మా వారి దూరపు బంధువు దగ్గరకు వెళ్ళాను. ఆధార్, పాన్ ఇచ్చాను, ఫొటో తీయనిచ్చాను, ఫోన్‌కి వచ్చిన ఓటీపీలు చెప్పాను. ఈ మధ్య మా మిషన్ శక్తి మహిళా పొదుపు సంఘం ద్వారా బ్యాంకు లోన్‌కు వెళ్తే, నా పేరున 48,000 రూపాయల ఆన్‌లైన్ లోన్ బాకీ ఉందన్నారు. నేనెరగని సిమ్ కూడా ఒకటి నా పేరున తిరుగుతోంది. ఒక స్టేషన్లో అడిగితే మీది ఒడిశా అన్నారు, ఇంకో స్టేషన్లో అడిగితే జరిగింది ఆంధ్రాలో అన్నారు. ఇంతలో పెద్దమనుషులు "వాడు డబ్బు కట్టేస్తాడు, కోర్టులెందుకు" అంటున్నారు. ఏం చేయాలి?

సమాధానం: అమ్మా, ముందు రాజీ సంగతే చూద్దాం. మిగతా పనులన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

ఆ నెట్ సెంటర్ అబ్బాయి 48,000 కట్టేస్తే అప్పు తీరుతుంది. దాంతోపాటే ఆ అప్పు మీరే తీసుకుని ఆలస్యంగా కట్టారని కూడా ఖాయమైపోతుంది. మీ అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టులో ఆ ఖాతా పక్కన 'క్లోజ్డ్' అనో, ఇంకా చెడ్డగా 'సెటిల్డ్' (పూర్తిగా కట్టకుండా తేల్చుకున్నారు) అనో పడుతుంది. వాయిదాలు తప్పిన రోజుల లెక్క నెలవారీగా అక్కడే ఉండిపోతుంది. రేపు మీ సంఘం లోన్ చూసే బ్యాంకు ఆఫీసరుకు ఆ లెక్కే కనబడుతుంది తప్ప పెద్దమనుషుల తీర్పు కనబడదు. మీరు లోన్ కంపెనీని అడగవలసింది ఆ ఖాతాను మీ పాన్ మీద నుంచి పూర్తిగా తీసేయమని. ఈ మాట రాతపూర్వకంగా తేలేవరకు మీ చేత్తో గాని, మీ ఖాతా నుంచి గాని, మీ ఫోన్‌పే నుంచి గాని ఒక్క రూపాయి కూడా కట్టకండి. "వాడే డబ్బిస్తాడు, మీ ఫోన్ నుంచి కొట్టేయండి" అన్నా ఒప్పుకోకండి. కట్టిన చెయ్యి మీదైతే అప్పు ఒప్పుకున్నట్టే వాదిస్తారు.

ఇక చట్టం ప్రకారం రాజీ ఎంతవరకు చెల్లుతుంది? మీ విషయంలో నాలుగు రకాల నేరాలు కలిసి ఉన్నాయి. ఇంకొకరి పాస్‌వర్డునో, ఎలక్ట్రానిక్ సంతకాన్నో, గుర్తింపునో దురుద్దేశంతో వాడటం ఐటీ చట్టం 66-సి. కంప్యూటర్ ద్వారా ఇంకొకరిగా నటించి మోసం చేయడం 66-డి. రెండింటికీ 3 ఏళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. భారతీయ న్యాయ సంహితలో ఇంకొకరిలా నటించి మోసగించడం 319, శిక్ష 5 ఏళ్ళ వరకు. మోసం చేసి డబ్బు రాబట్టడం 318(4), శిక్ష 7 ఏళ్ళ వరకు. లోన్ ఒప్పందం మీద మీ పేరిట ఈ-సంతకం సృష్టించి ఉంటే దొంగ పత్రం తయారీ 336(3), దాన్ని అసలైనదిగా వాడటం 340. ఇవి 1 జూలై 2024 నుంచి అమల్లో ఉన్నవి. నేరం అంతకుముందు జరిగి ఉంటే పాత ఐపీసీ సెక్షన్లు పడతాయి. అందుకే మీరు షాపుకు వెళ్ళిన తేదీ, లోన్ మంజూరైన తేదీ రెండూ ఫిర్యాదులో ఉండాలి.

319కి మోసపోయిన మనిషి రాజీ పడొచ్చు. 318(4)కి కోర్టు అనుమతితో రాజీ కుదురుతుంది. కానీ 318(4)లో మోసపోయి డబ్బు చేజార్చుకున్నది లోన్ కంపెనీ, మీరు కాదు. వాళ్ళ సంతకం లేకుండా మీరొక్కరు రాజీ పత్రం రాస్తే ఆ సెక్షన్ కదలదు. దొంగ పత్రాల సెక్షన్లకు కింది కోర్టులో రాజీయే లేదు. ఐటీ చట్టం నేరాలకు 77-ఎ కింద రాజీకి వీలున్నా, బాధితురాలు స్త్రీ అయితే కోర్టు రాజీ చేయకూడదని అదే సెక్షన్లో ఉంది. నేరం ఒప్పుకుని తక్కువ శిక్షకు బేరమాడుకునే పద్ధతి కూడా స్త్రీల మీద జరిగిన నేరాలకు వర్తించదు. కాబట్టి కేసు నమోదయ్యాక "లోక్ అదాలత్‌లో ముగించేద్దాం" అన్న మాట మొత్తం కేసుకు చెల్లదు. ఇరుపక్షాలూ కలిసి కటక్‌లోని ఒడిశా హైకోర్టుకు వెళ్ళి కేసు కొట్టేయమని అడిగే దారి ఒకటే మిగులుతుంది. అది హైకోర్టు విచక్షణ. బంధుత్వం చెడిపోతుందన్న భయం నాకు అర్థమవుతుంది. కానీ ముందు పేరు తొలగించే కాగితం చేతికి వచ్చాక బంధుత్వం గురించి ఆలోచించడం మంచిది. వరస మారిస్తే పని చెడుతుంది.

ఇప్పుడు ఫిర్యాదు. మీది ఒడిశా, మీది ఆంధ్రా అని తిప్పి పంపడానికి చట్టంలో చోటు లేదు. పోలీసు, కోర్టు పద్ధతులు చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా సమాచారం తీసుకోవాలి. తమ పరిధి కాదనుకుంటే జీరో ఎఫ్ఐఆర్ రాసి సంబంధిత స్టేషన్‌కు వాళ్ళే పంపుతారు. పైగా నేరం చేసిన చోటే కాక దాని ఫలితం తగిలిన చోట కూడా విచారణ జరపొచ్చని 199 చెబుతోంది. మీ లోన్ ఆగిపోయింది మీ ఊళ్ళో, రికవరీ మెసేజ్‌లు అందింది మీ ఊళ్ళో. మీ ఇంటి పరిధిలోని స్టేషన్లోనే అడగండి. ఆన్‌లైన్లో పంపితే మాత్రం 3 రోజుల్లోగా వెళ్ళి సంతకం పెట్టాలి. దీనికి ముందే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి గాని, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో గాని నమోదు చేసి రసీదు నంబరు తీసుకోండి. అయితే ఆ నంబరు ఎఫ్ఐఆర్ కాదు. చాలామంది ఆ ఎస్ఎంఎస్ చూసుకుని కేసు పెట్టేశామని నెలలు గడిపేస్తారు.

ఐటీ చట్టం నేరాలను ఇన్‌స్పెక్టర్ హోదాకు తగ్గనివాళ్ళే దర్యాప్తు చేయాలని 78వ సెక్షన్. ఒడిశాలో కొన్ని స్టేషన్లకు ఇన్‌స్పెక్టర్, అంటే ఐఐసీ ఉంటారు. చిన్న స్టేషన్లకు ఎస్సై హోదాలో ఓఐసీ ఉంటారు. మీది రెండో రకమైతే రెండు ప్రమాదాలు. ఇబ్బందెందుకని 66-సి వదిలేసి 318తో సరిపెట్టేస్తారు. లేదా 66-సి పెట్టి ఎస్సైయే దర్యాప్తు పూర్తి చేస్తారు, ఏళ్ళ తరవాత డిఫెన్స్ లాయరు మొదటి దెబ్బ అక్కడే కొడతాడు. ఎస్పీ ఆఫీసుకు రాసి కేసును ఇన్‌స్పెక్టర్‌కో సైబర్ స్టేషన్‌కో అప్పగించమని మొదట్లోనే అడగండి.

ఫిర్యాదులో పేరు దగ్గర చాలా జాగ్రత్త. మన తెలుగువాళ్ళకు ఇంటిపేరు ముందు, ఒడియా పద్ధతిలో చివర. ఆధార్‌లో ఒకలా, పాన్‌లో ఒకలా, ఓటరు కార్డులో పెళ్ళికి ముందటి ఇంటిపేరుతో మరోలా ఉండటం సరిహద్దు ఇళ్ళలో మామూలే. ఆ రూపాలన్నీ ఫిర్యాదులోనే రాసి, అన్నీ నేనేనని చెప్పండి. లేకపోతే లోన్ కంపెనీ 'మా కస్టమరు వేరే మనిషి' అంటుంది, లేదా కోర్టులో గుర్తింపు మీదే ఎదుటి లాయరు గంట సేపు క్రాస్ ఎగ్జామినేషన్ నడుపుతాడు. మీరు నోటితో చెబితే పోలీసులు రాసి, మీకు చదివి వినిపించాలి. ఒడియాలో రాస్తే తెలుగులో అర్థం చెప్పించుకున్నాకే సంతకం చేయండి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి.

ఓటీపీ చెప్పిన సంగతి దాచవద్దు. సిగ్గుపడి "నేనేమీ చెప్పలేదు" అని రాసినవాళ్ళే కోర్టులో చిక్కుకుంటారు, ఎందుకంటే ఓటీపీ మీ నంబరుకు వచ్చిందని కంపెనీ లాగ్‌లో ఉంటుంది. "సుభద్ర ఈ-కేవైసీ కోసం అని చెబితే చెప్పాను, లోన్ గురించి నాకు చెప్పలేదు" అని ఉన్నదున్నట్టు రాయండి. ఒక పనికి ఇచ్చిన ఒప్పుదల ఇంకో పనికి చెల్లదు. మీ కేసుకు ప్రాణం ఆ వాక్యంలోనే ఉంది.

స్టేషన్లో తీసుకోకపోతే అదే ఫిర్యాదును రిజిస్టర్డ్ పోస్టులో ఎస్పీకి పంపండి. అక్కడా కదలకపోతే నాగరిక సురక్షా సంహిత (ఇకపై చట్టం పేరు లేకుండా చెప్పే సెక్షన్లు దీనివే) 175(3) కింద మేజిస్ట్రేటు దగ్గర అఫిడవిట్‌తో దరఖాస్తు వేయాలి. ఎస్పీకి పంపిన రసీదు లేకుండా నేరుగా కోర్టుకు వెళ్తే తిప్పి పంపుతారు. ఇందులో ఒక గడువు కూడా ఉంది. ఏడాదికి మించి 3 ఏళ్ళ వరకు శిక్షలున్న నేరాలకు ఫిర్యాదు 3 ఏళ్ళలోపే నమోదు కావాలి. నేరం తెలియకుండా జరిగితే, అది మీకు తెలిసిన రోజు నుంచి లెక్క. అందుకే మీ పేరున బాకీ ఉందని బ్యాంకు చెప్పిన రోజును, వీలైతే వాళ్ళిచ్చిన కాగితంతో సహా, పట్టి ఉంచుకోండి.

సాక్ష్యం చాలావరకు మీ దగ్గర ఉండదు, లోన్ కంపెనీ దగ్గరా సిమ్ కంపెనీ దగ్గరా ఉంటుంది. దర్యాప్తు అధికారి 94వ సెక్షన్ నోటీసుతో తెప్పించవలసినవి ఇవి: లోన్ దరఖాస్తులో ఇచ్చిన ఫోన్ నంబరు, తీసిన సెల్ఫీ, ఆ క్షణపు లొకేషన్, ఐపీ చిరునామా, ఈ-సంతకం లాగ్, డబ్బు పడిన బ్యాంకు ఖాతా, సిమ్ దరఖాస్తు ఫారం. వీటిలో డబ్బు పడిన ఖాతా అన్నిటికన్నా గట్టిది. కొన్ని మినహాయింపులు తప్ప డిజిటల్ లోన్ సొమ్ము నేరుగా రుణగ్రహీత సొంత బ్యాంకు ఖాతాలోనే వేయాలని రిజర్వు బ్యాంకు 2022లోనే నియమం పెట్టింది. 48,000 వేరొకరి ఖాతాలో పడి ఉంటే కంపెనీ సాధారణంగా ఆ నియమం తప్పినట్టే. మీ పేరున తెరిచిన ఇంకో ఖాతాలో పడి ఉంటే ఆ ఖాతా నుంచి డబ్బు ఎటు వెళ్ళిందో చూడాలి. ఈ వివరాలు కావాలని ఫిర్యాదు చివర ఒక పేరాగా మీరే రాయండి. రాస్తే అడుగుతారు, రాయకపోతే చాలాసార్లు అడగరు. షాపులో సీసీ కెమెరా ఉంటే ఆ రికార్డు ఎక్కువ రోజులు నిలవదు, అది మొదటి వారం పని.

మీ ఫోన్లో ఉన్న మెసేజ్‌లు తుడిచేయకండి, ఫోన్ మార్చకండి. స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి ఇస్తే చాలదు. భారతీయ సాక్ష్య అధినియం 63 ప్రకారం సర్టిఫికెట్ జతపరచాలి. అందులో రెండు భాగాలుంటాయి, మొదటిది ఫోన్ ఎవరి చేతిలో ఉందో వాళ్ళు, రెండోది నిపుణుడు నింపాలి. ఫైలు హాష్ విలువ, అంటే ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి కోడ్, కూడా అందులో పడాలి. కంపెనీ పంపిన లాగ్‌లకూ ఇదే కావాలి. సర్టిఫికెట్ లేని లాగ్ కోర్టు ఫైల్లో ఎంత లావుగా ఉన్నా చిత్తు కాగితమే.

స్త్రీని సాక్షిగా పిలిచేటప్పుడు ఆమె ఇంటిదగ్గరే వాంగ్మూలం తీసుకోవాలి, స్టేషన్‌కు రమ్మని బలవంతపెట్టకూడదు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా మీకు తెలియజేయాలి కూడా.

కోర్టులో ఏమవుతుందంటే, కేసు మీ సబ్‌డివిజన్ మేజిస్ట్రేటు కోర్టు, అంటే ఎస్‌డీజేఎం దగ్గరకు వస్తుంది. అక్కడ దానికి జీఆర్ నంబరు, అంటే కోర్టు కేసు నంబరు, పడుతుంది. 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు కూడా ఉంటుంది, అది తెలిస్తే ఈ-కోర్ట్స్ యాప్‌లో వాయిదాలు మీరే చూసుకోవచ్చు. కేసు నడిపేది ప్రభుత్వ ప్రాసిక్యూటర్, మీరు సాక్షి. మీ తరఫున లాయరును పెట్టుకుంటే ఆయన ప్రాసిక్యూటరుకు సహాయపడవచ్చు, రాతపూర్వక వాదన ఇవ్వవచ్చు. చార్జిషీటు, విచారణకు స్వీకరించడం, అభియోగాల ఖరారు, సాక్షులు, నిందితుడి వాంగ్మూలం, వాదనలు, తీర్పు అన్న వరసలో ఎక్కువ కాలం తినేది సాక్షుల దశ. ముంబయిలోనో గురుగ్రామ్‌లోనో కూర్చున్న లోన్ కంపెనీ ఉద్యోగి రాకపోతే వాయిదా మీద వాయిదా పడుతుంది. వీడియో ద్వారా సాక్ష్యం తీసుకోవడానికి 530వ సెక్షన్ వీలిస్తోంది, ప్రాసిక్యూటరుకు ఆ మాట గుర్తుచేయించండి. మీ సాక్ష్యం తెలుగులో చెప్పుకోవచ్చు, దాన్ని అనువదించి రికార్డు చేస్తారు. వచ్చీరాని ఒడియాలో చెప్పి, 'ఇచ్చాను'కీ 'ఇప్పించాడు'కీ తేడా పోగొట్టుకోకండి.

66-సి, 66-డి బెయిలబుల్ నేరాలే. ఆ అబ్బాయి మర్నాడే బయట కనిపిస్తే కేసు పోయిందనుకోకండి. శిక్ష పడినప్పుడు 395వ సెక్షన్ కింద పరిహారం ఇప్పించమని అడగవచ్చు, ఆ అడగడం తీర్పుకు ముందే జరగాలి.

దర్యాప్తులో దొంగ ఎవరో తేలకపోతే ఒడిశా పోలీసులు 'ఎఫ్ఆర్‌టీ, నో క్లూ' అని తుది నివేదిక వేస్తారు. నేరం జరిగింది నిజమే, చేసినవాడు దొరకలేదని దాని అర్థం. దీన్ని ఓటమిగా చూసి చించేసేవాళ్ళున్నారు. లోన్ కంపెనీకీ సిబిల్‌కూ చూపించడానికి ఇంతకన్నా మంచి పోలీసు కాగితం దొరకడం కష్టం, సర్టిఫైడ్ కాపీ తీయించుకోండి. కానీ మీ కేసులో అనుమానితుడి పేరు తెలిసీ అలా రాస్తే, లేదా అసలు నేరమే జరగలేదని రాస్తే, కోర్టు మీకు నోటీసిస్తుంది. అప్పుడు ఆ నివేదికను ఒప్పుకోనని ప్రొటెస్ట్ పిటిషన్ వేయాలి. ఆ నోటీసు పాత అడ్రసుకు వెళ్ళి పోకుండా చూసుకోండి.

ఇదంతా నడవడానికి ఏళ్ళు పట్టొచ్చు. మీ పేరు శుభ్రపడటానికి అంత ఆగనక్కర్లేదు, తీర్పు వచ్చినా అది దానంతటది సిబిల్‌కు చేరదు. ఎఫ్ఐఆర్ కాపీ అందిన వారంలోనే లోన్ కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. ఈ లోన్ నేను తీసుకోలేదు, ఒప్పందం, కేవైసీ, డబ్బు పడిన ఖాతా వివరాలు ఇవ్వండి, వసూళ్ళు ఆపండి, క్రెడిట్ సంస్థలకు పంపిన సమాచారం తొలగించండి అని నాలుగే వాక్యాలు చాలు. క్రెడిట్ సంస్థలు నాలుగు: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్. ఒక్క సిబిల్‌లో సరిచేయించి ఊరుకుంటే మిగతా మూడింటిలో ఆ అప్పు అలాగే ఉండొచ్చు. ఏడాదికొకసారి ఒక్కో సంస్థ పూర్తి రిపోర్టును ఉచితంగా ఇస్తుంది. నాలుగూ తీసి, ఆ లోన్ ఎందులో కనబడితే అందులో డిస్ప్యూట్, అంటే ఈ సమాచారం తప్పని అభ్యంతరం, వేయండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆ తరవాత రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలని ఏప్రిల్ 2024 నుంచి నియమం ఉంది. లోన్ కంపెనీ 30 రోజుల్లో బదులివ్వకపోయినా, కాదన్నా, రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల విచారణాధికారి అయిన అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. కన్స్యూమర్ కమిషన్ కూడా ఉంది గానీ, 'ఈమె మా వినియోగదారే కాదు' అని కంపెనీ అడ్డం తిరుగుతుంది. నా సలహా, అంబుడ్స్‌మన్ తరవాతే అటు చూడండి.

ఈలోగా ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి విచారణ) నోటీసు వస్తే పక్కన పడేయకండి. ఇలాంటి వ్యవహారాల్లో జనం ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. ఎక్కడో చెన్నైలో మీరు లేకుండా అవార్డు, అంటే మధ్యవర్తి తీర్పు, వచ్చి, అమలు కోసం మీ జిల్లా కోర్టుకే వస్తుంది. ఆ ఒప్పందం మీద సంతకం నాది కాదు, కాబట్టి ఆర్బిట్రేషన్ ఒప్పందమే లేదు అని, ఎఫ్ఐఆర్ జతచేసి, నోటీసులో ఇచ్చిన గడువులోపు జవాబు పంపండి.

సిమ్ సంగతి లోన్ కన్నా చిన్నదిగా కనిపిస్తుంది గానీ నాకు అదే ఎక్కువ భయం. సంచార్ సాథీ పోర్టల్లో మీ పేరున ఉన్న నంబర్లు చూసి, మీది కానిదాన్ని 'నాది కాదు' అని రిపోర్టు చేసి, ఆ రసీదు తేదీతో దాచండి. ఆ సిమ్‌తో ఎవరినైనా మోసం చేస్తే ఎక్కడో మహారాష్ట్ర పోలీసుల నోటీసు మీ పేరున వస్తుంది. 179 కింద వస్తే సాక్షిగా, 35(3) కింద వస్తే అనుమానితురాలిగా పిలిచినట్టు. రెండోదానికి జవాబివ్వకపోతే అరెస్టు దాకా పోవచ్చు. వాట్సాప్‌లో పంపితే 35(3) నోటీసు అందినట్టు కాదని సుప్రీంకోర్టు జనవరి 2025లో చెప్పింది. వేరే రాష్ట్రంలో కేసు ఉన్నా కొద్దికాలపు ముందస్తు బెయిలు మీ జిల్లా సెషన్స్ కోర్టులోనే అడగవచ్చని 2023లో తీర్పు ఉంది. వీడియో కాల్లో 'డిజిటల్ అరెస్టు' అంటే మాత్రం అది దొంగల కాల్, అలాంటి అరెస్టు చట్టంలో లేదు. ఆధార్ బయోమెట్రిక్ లాక్ కూడా ఈ రోజే పెట్టండి.

లాయరు ఖర్చు గురించి మీరు అడగలేదు గానీ, స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. పర్లాకిమిడిలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి, లేదా 15100కి ఫోన్ చేయండి. తెలుగు తెలిసిన లాయరు కావాలని దరఖాస్తులోనే రాయండి.

సంఘం లోన్ కోసం బ్యాంకుకు మళ్ళీ వెళ్ళేటప్పుడు ఎఫ్ఐఆర్ కాపీ, క్రెడిట్ సంస్థల డిస్ప్యూట్ నంబర్లు, లోన్ కంపెనీకి రాసిన లేఖ రసీదు ఒకే ఫైల్లో పెట్టి మేనేజరుకు రాతపూర్వకంగా ఇవ్వండి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి. మీ ఒక్కరి పేరు వల్ల సంఘంలో మిగతావాళ్ళ లోన్ ఆగుతుంటే, డిస్ప్యూట్ తేలేవరకు మీ వాటా పక్కనపెట్టి మిగతావాళ్ళది మంజూరు చేయమని సంఘం తీర్మానం రాసి ఇవ్వవచ్చు. ఒప్పుకోవడం బ్యాంకు ఇష్టం, కానీ అడగకపోతే ఆ దారి కూడా ఉండదు.